బెజవాడ, అమరావతి కట్టడాలు: ఏది చూడాలి, ఎలా చూడాలి

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ నుంచి బదిలీ మీద విజయవాడ వచ్చారు. ఏడాది పాటు ఉంటారు, ఆదివారాలు ఖాళీ, వెంట పదేళ్ల బాబు. రాజధాని కదా అని చూడబోతే పొలాలూ క్రేన్లూ కనిపించాయి. ఊళ్లో చూస్తే షాపింగ్ మాల్సూ అపార్ట్‌మెంట్లూ. గోల్కొండ, చార్మినార్ చూసిన కళ్లకు ఇక్కడ ఆనే కట్టడాలు అసలున్నాయా? ఉంటే పాతవీ కొత్తవీ ఏ వరసలో చూడాలి?

ఉన్నాయండీ, చాలానే ఉన్నాయి. కాకపోతే నడిబజార్లో నాలుగు మినార్లెత్తి నిలబడి రమ్మని పిలిచే కట్టడం బెజవాడలో లేదు. ఇక్కడివి కొండ కడుపులోనో, కాలవ గట్టునో, టోకు కొట్ల షట్టర్ల పైనో ఉంటాయి. వెతుక్కోవాలి. నేను వృత్తిరీత్యా స్ట్రక్చరల్ ఇంజినీరుని. ఉద్యోగమంతా కృష్ణకు ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా పునాదుల లెక్కలు కట్టడంతోనే గడిచింది. కాబట్టి నా జవాబులో శిల్పాల అందం గురించి తక్కువ ఉంటుంది. బరువు ఎక్కడ మోపారు, ఎండ ఎలా ఆపారు, నీళ్లు ఎటు పంపారు అన్నవే ఎక్కువ. ఏ కట్టడం ముందు నిలబడినా ఈ మూడూ అడగండి, పాతా కొత్తా తేడా లేకుండా.

ముందు ఒక తికమక తీర్చుకోండి. అమరావతి అనే పేరుతో రెండు చోట్లున్నాయి. ఒకటి పాత అమరావతి: స్తూపం, అమరేశ్వరుడి గుడి ఉన్న ఊరు, ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. రెండోది రాజధాని అమరావతి: గుంటూరు జిల్లాలో తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల్లోని 29 గ్రామాలు కలిపి గీసిన 217 చదరపు కిలోమీటర్ల నగరం. పాత ఊరు ఈ గీతకు బయట, నది వెంట ఇంకా ఎగువన ఉంది. ఫోన్లో అమరావతి అని కొట్టి, మ్యాప్ చెప్పినట్టు పోయి, స్తూపం దగ్గర నిలబడి సచివాలయం ఎక్కడండీ అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

నా మాట వింటే మొదటి ఆదివారం ఉండవల్లికి కేటాయించండి. ఆ 29 గ్రామాల్లో ఉండవల్లి ఒకటి. ప్రకాశం బ్యారేజీ దాటి కాస్త దూరం పోతే కొండకు నాలుగంతస్తుల ముఖద్వారం కనిపిస్తుంది. విష్ణుకుండినుల కాలానిదని, నాలుగో శతాబ్దానికీ ఏడో శతాబ్దానికీ మధ్య తొలిచారని చెబుతారు. బౌద్ధ విహారంగానో జైన విహారంగానో మొదలై తర్వాత విష్ణ్వాలయంగా మారిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. మూడో అంతస్తులో అయిదు మీటర్లకు పైగా పొడవున్న అనంతపద్మనాభస్వామి శయనించి ఉంటాడు. అందరూ సరాసరి అక్కడికే వెళ్లి దణ్ణం పెట్టుకుని, సెల్ఫీ తీసుకుని దిగేస్తారు.

మీరు మాత్రం కింది అంతస్తులో కాసేపు ఆగండి. అది పూర్తి కాలేదు. ఉలి దెబ్బలు, సగం విడదీసిన స్తంభాలు అలాగే ఉన్నాయి. మేం కట్టేటప్పుడు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతాం, తప్పొస్తే పగలగొట్టి మళ్లీ పోస్తాం. ఇక్కడ పేర్చిందేమీ లేదు. అక్కర్లేని రాయిని తీసేశారు, మిగిలిందే గుడి. స్తంభం అంచు ఒక్కటి పొరపాటున ఊడిపడితే అతికించే దారి లేదు. ఇంకో సంగతి గమనించండి. స్తంభాలు లావుగా, దగ్గర దగ్గరగా ఎందుకున్నాయి? రాయి నలుపుడికి తట్టుకున్నంతగా వంపుకు తట్టుకోదు. ఎంత బరువు నెత్తిన పెట్టినా మోస్తుంది కానీ, రెండు ఆధారాల మధ్య దూరం పెంచితే అడుగు భాగం చిట్లుతుంది. ఆ తొలిచినవాళ్లకు సూత్రాలు, పుస్తకాలు ఉన్నాయో లేదో గానీ ఎంత దూరానికి ఒక స్తంభం వదలాలో మాత్రం చేతికి తెలుసు. బాబుకి ఇది చెప్పి, రెండు స్తంభాల మధ్య అడుగులు లెక్కపెట్టమనండి. ఆ అంకె గుర్తు పెట్టుకోండి, రాజధాని టవర్ల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మూడో అంతస్తు ముందు వసారా పైన కూర్చున్న విగ్రహాలు వరసగా ఉంటాయి, పక్కన సింహాలు. అక్కడ నిలబడితే కింద పచ్చటి పొలాలు. మిట్టమధ్యాహ్నం లోపలికీ బయటికీ నాలుగైదుసార్లు తిరిగి చూడండి, వేడిలో తేడా ఒంటికే తెలుస్తుంది. కొండంత రాయి పగలంతా వేడి పీల్చుకున్నా లోపలిదాకా రావడానికి చాలా సమయం తీసుకుంటుంది. ఏసీ కనిపెట్టక ముందు బెజవాడ ఎండకు ఇంతకన్నా గట్టి జవాబు ఎవరూ చెప్పలేదు.

ఊళ్లో ఉన్న మొగల్రాజపురం గుహలు, ఇంద్రకీలాద్రి కింద ఉన్న అక్కన్న మాదన్న గుహలు కూడా దాదాపు అదే కాలానివి. గోల్కొండ తానీషా మంత్రులు అక్కన్న మాదన్నలది పదిహేడో శతాబ్దం. గుహలు వాళ్లకన్నా వెయ్యేళ్లు పెద్దవి, పేరు మాత్రం వాళ్లది. హైదరాబాద్ నుంచి వచ్చారు కాబట్టి మీకిది సరదాగా ఉంటుంది. మొగల్రాజపురంలో రాయి బాగా చివికిపోయింది, ముఖాలు అరిగాయి, చుట్టూ ఇళ్లు మూగాయి. అరగంట చాలు. అయితే అక్కడి నుంచే తలెత్తి కొండ మీది ఇళ్ల వైపు చూడండి. మెట్లు, మెట్ల మీద ఇల్లు, ఆ ఇంటి డాబా ఎత్తులో ఇంకో ఇల్లు. బెజవాడ జనం చౌకలో చోటు సంపాదించుకున్న తీరు అది. ఏ ఆర్కిటెక్టూ గీయలేదు. 2024 ఆగస్టు ఆఖర్లో కుండపోత వానలకు ఈ ప్రాంతంలోనే కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. కొండను అడ్డంగా కోసి, నీళ్లు దిగే దారి వదలకుండా రిటైనింగ్ గోడ (మట్టి జారకుండా ఆపే గోడ) కడితే, వానాకాలంలో గోడ వెనక చేరిన నీళ్లే దాన్ని తోస్తాయి. గోడలో అడుగున చిన్న చిన్న గొట్టాలు కనిపిస్తే కట్టినవాడికి పని తెలుసన్నమాట. మీరు కొండవాలున ఇల్లు అద్దెకు తీసుకునేటట్టయితే ముందు ఆ గొట్టాలు ఉన్నాయా, పూడిపోయాయా చూడండి.

ఇక బ్యారేజీ. దీన్ని కట్టడాల లెక్కలో ఎవరూ వేయరు, నేను మాత్రం బెజవాడకు ఇదే చార్మినార్ అంటాను. కృష్ణ ఇక్కడ రెండు కొండల మధ్య ఇరుకవుతుంది: ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ. అడ్డుకట్టకు అంతకన్నా మంచి చోటు దొరకదు, రాయి కూడా రెండు పక్కలా చేతికందుతుంది. ఆర్థర్ కాటన్ పట్టుదలతో, కెప్టెన్ ఓర్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో 1852లో మొదలై 1855కి ఆనకట్ట తయారైంది. ఇప్పటి గాంధీ కొండను ఒకప్పుడు ఓర్ కొండ అనేవారు, ఆయన పేరు మీదే. 1952లో ఆ ఆనకట్టకు గండి పడింది. దాని బదులు 1954లో మొదలుపెట్టి 1957కి ఇప్పటి బ్యారేజీ పూర్తిచేసి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70.

పొద్దున్నే నడిచి వెళ్లండి. కారులో పోతే ఏమీ కనపడదు. ఒక్కో గేటు ఎన్నో టన్నుల ఇనుము, దాన్ని మోటారు ఒక్కటే ఎత్తాలంటే తలకు మించిన పని. అందుకని గేటు బరువుకు దీటుగా అవతల కాంక్రీటు దిమ్మెలు వేలాడదీస్తారు. మన పల్లెల్లో ఏతానికి అవతలి కొసన బరువు కట్టేవాళ్లు కదా, అదే ఉపాయం. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు ఎగువ నుంచి పడవలు కొట్టుకొచ్చి గుద్దింది ఈ దిమ్మెలకే. కొద్ది రోజుల్లోనే కొత్తవి బిగించారు. 67, 69 గేట్ల దగ్గర పాతవాటికీ కొత్తవాటికీ తేడా కనిపెట్టగలడేమో బాబుకి పందెం వేయండి.

బ్యారేజీ చూశాక ఊరిని చూసే చూపు మారుతుంది. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ మూడూ ఇక్కడి నుంచే బయల్దేరి ఊరిని ముక్కలుగా కోస్తాయి. ఏ వీధి ఎటు వంగింది, ఏ వంతెన దగ్గర రద్దీ ఎందుకు అన్నవి కాలవలు తేల్చినవే. లాకులు అంటే ఆటోవాళ్లకు స్టాపు పేరు. అసలు సంగతి ఎత్తు తేడా ఉన్న చోట పడవలను దించడానికి, ఎక్కించడానికి కట్టిన నీటి గదులు. ఒకప్పుడు ఏలూరు కాలవ మీదుగా గోదావరి వైపుకీ, అవతలి ఒడ్డు కాలవల మీదుగా బకింగ్‌హామ్ కాలవ పట్టుకుని మద్రాసుకీ పడవలు పోయేవి. ఆ రాతిపని ఇప్పటికీ చెక్కుచెదరలేదు. దాని చుట్టూ ఉన్న చెత్త గురించి మాట్లాడకపోవడమే మంచిది.

కాలవ దాటితే వన్‌టౌన్, అంటే పాత బెజవాడ. ఇక్కడ మీకు గైడు అక్కర్లేదు, మెడ నొప్పి ఓర్చుకుంటే చాలు. ఎందుకంటే చూడాల్సిందంతా మొదటి అంతస్తు నుంచి మొదలవుతుంది. కింద షట్టర్లు, ఫ్లెక్సీలు, లారీల నుంచి దిగుతున్న బేళ్లు. పైన చెక్క కటకటాల వరండాలు, రంగు గాజు ముక్కలు దిగేసిన కిటికీ పైభాగాలు, సున్నంతో తీర్చిన పూలతీగెలు, కట్టిన సంవత్సరం చెక్కిన పిట్టగోడలు. తారాపేట, ఇస్లాంపేట, బ్రాహ్మణ వీధి, సామారంగం చౌక్ చుట్టుపక్కల ఇలాంటివి ఇంకా మిగిలి ఉన్నాయి. టోకు బట్టల వ్యాపారం, మసాలా దినుసుల వ్యాపారం నడిచే వీధులు కాబట్టి కింద కొట్టు, వెనక గోదాము, పైన కాపురం. స్థలం ముఖం సన్నం, పొడుగు ఎక్కువ. మధ్యలో గాలీ వెలుతురూ రావడానికి ఆకాశం కనిపించే చిన్న వాకిలి వదిలేవారు. ఆ వాకిలే ఇంటికి ఊపిరి. వేడిగాలి దాన్లోంచి పైకి పోతుంటే వీధి వైపు నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది.

ఎవరైనా లోపలికి రానిస్తే పైకప్పు చూడండి. బర్మా టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా పట్టెలు, పట్టెల మీద సన్నటి ఇటుకలు అంచు మీద నిలబెట్టి, పైన సున్నంలో కలిపిన ఇటుక ముక్కల పొర దిమ్మిసా చేసి ఉంటుంది. మద్రాస్ టెర్రస్ అంటారు. సున్నాన్ని గానుగలో రోజుల తరబడి తిప్పేవారు, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసేవారు. అది సిమెంటులా గంటల్లో బిగుసుకోదు. ఏళ్ల తరబడి మెల్లగా గట్టిపడుతూ ఉంటుంది. అందుకే చిన్న పగుళ్లు వాటంతటవే పూడతాయి. ఇప్పుడు వీటికి రిపేరు పేరుతో సిమెంటు పూస్తున్నారు, నాకు మండుకొచ్చే విషయం ఇదే. సున్నపు గోడ తేమను బయటికి వదులుతుంది, సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. తేమ లోపలే ఉండి ఇటుకను తింటుంది. అయిదేళ్లకు పూత పెచ్చులుగా ఊడి, తప్పు పాత గోడ మీదకు వస్తుంది, ఆపైన పడగొట్టడానికి కారణం దొరుకుతుంది. మీకు తెలిసినవాళ్ల ఇల్లు ఏదైనా వన్‌టౌన్‌లో ఉంటే, తిరిగి సున్నమే పూయించమని చెప్పండి. ఖర్చు కాస్త ఎక్కువైనా సరే.

కాళేశ్వరరావు మార్కెట్ ఆ వైపే. ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు గారి పేరు. కూరగాయలు కొనుక్కోండి, కట్టడంగా ప్రత్యేకం చెప్పేదేమీ లేదు. ఆకలేస్తే గాంధీనగర్ వైపు రండి, బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిని ముందుకు కదలండి.

బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం తప్పకుండా చూడాలి. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1887లో శంకుస్థాపన చేసిన భవనం. అందుకే చాలాకాలం విక్టోరియా జూబిలీ మ్యూజియం అనేవారు. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం ఇక్కడే జరిగింది. పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా చూపించింది ఆ సందర్భంలోనే. బాగుచేసి 2020 అక్టోబరులో మళ్లీ తెరిచారు. ఎత్తయిన కప్పు, కమానులు, లోతైన వరండా: దొరల భవనమే గానీ ఎండ విషయంలో మన పెంకుటింటి పాఠమే చదువుకుంది. లోపల అల్లూరు నుంచి తెచ్చిన బుద్ధుడి నిలువెత్తు రాతి విగ్రహం ఉంది. పాత అమరావతికి వెళ్లేముందు ఆ రాయి రంగు, నునుపు గమనించి పెట్టుకోండి.

ఇక్కడికి దగ్గర్లోనే స్వరాజ్య మైదానంలో 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం. విగ్రహం 125 అడుగులు, కింద పీఠం 81 అడుగులు. దూరం నుంచి అందరూ విగ్రహాన్నే చూస్తారు. దగ్గరకెళ్లి పీఠం చూడండి, బౌద్ధుల కాలచక్ర మండలం నమూనాలో కట్టారు. సూర్యారావుపేటలో ఉన్న గవర్నరు బంగళాది ఇంకో కథ: అది మొదట నీటిపారుదల శాఖ కార్యాలయం, తర్వాత ముఖ్యమంత్రి క్యాంపు ఆఫీసు, 2019లో గవర్నరు నివాసం. లోపలికి పోనివ్వరు. కాలవల లెక్కలు చూసే ఇంజినీర్లకు కట్టిన గదుల్లో గవర్నరు ఉండటం ఈ ఊరి చరిత్రకు తగ్గట్టే ఉందని మాలాంటివాళ్లం నవ్వుకుంటాం.

సూర్యారావుపేట, సత్యనారాయణపురం, లబ్బీపేట సందుల్లో తిరిగేటప్పుడు 1950 నుంచి 70 దాకా కట్టిన మిద్దెలు కొన్ని ఇంకా కనపడతాయి. గుండ్రంగా తిరిగిన బాల్కనీ మూలలు, కిటికీ చుట్టూ ముందుకు పొడుచుకొచ్చిన సన్‌షేడ్లు, మెట్ల గదికి జాలీ ఇటుకలు, లోపల ఎర్ర గచ్చు లేదా మొజాయిక్. పురావస్తు శాఖ బోర్డు వీటికి ఎప్పటికీ పడదు. అయినా నా లెక్కలో బెజవాడ సొంతంగా కనిపెట్టుకున్న ఇంటి తీరు ఇదే. కాంక్రీటు కొత్తగా వచ్చింది, ఎండ పాతదే, రెంటినీ రాజీ చేశారు. డెవలప్‌మెంటుకిచ్చి అపార్ట్‌మెంటు లేపడం జోరుగా ఉంది కాబట్టి ఇవి మాత్రం ఆలస్యం చేయకుండా చూడండి.

పాత అమరావతికి ఒక రోజు పూర్తిగా పెట్టుకోండి. శుక్రవారం మ్యూజియం సెలవు. అక్కడ స్తూపం కోసం వెతికితే నిరాశపడతారు, ముందే చెబుతున్నాను. దాదాపు 50 మీటర్ల అడ్డుకొలత ఉన్న మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం; ఇప్పుడు మిగిలింది తక్కువ ఎత్తున్న గుండ్రటి తిన్నె, చుట్టూ కొన్ని రాళ్లు. శాతవాహనుల నాటి ధాన్యకటకం ఇక్కడే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి తన రాజధానిని ఇక్కడికి మార్చి ఊరు కట్టిస్తుంటే, రాళ్ల కోసం స్తూపం దిబ్బ తవ్వారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసేనాటికే చాలా రాళ్లు కదిలిపోయాయి. 1845లో ఇంగ్లీషు అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసినవి మద్రాసుకు, అక్కడి నుంచి చాలావరకు లండన్‌కు పోయాయి. ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో కొన్ని, బ్రిటిష్ మ్యూజియంలో కొన్ని. ఇంగ్లీషువాళ్లు పాలరాయి అన్నారు గానీ అది పల్నాటి సున్నపురాయి. బాపు మ్యూజియంలో చూసిన నునుపు ఇక్కడ మళ్లీ గుర్తుపడతారు.

ఇక్కడి మ్యూజియంలో ఒక్క పని చేయండి. స్తూపం అడుగు భాగానికి తొడిగిన పలకల మీద స్తూపం బొమ్మే చెక్కి ఉంటుంది: అండం (గుండ్రటి గుమ్మటం), చుట్టూ ప్రాకారం, నాలుగు దిక్కులా ముందుకొచ్చిన వేదికల మీద అయిదేసి ఆయక స్తంభాలు. కట్టడం కూలిపోయినా దాని ప్లాను దాని రాళ్ల మీదే మిగిలింది. మేం డ్రాయింగులు బీరువాలో పెట్టి పోగొట్టుకుంటాం, వాళ్లు గోడకే చెక్కేశారు. ఊరి చివర 125 అడుగుల ధ్యానబుద్ధుడి విగ్రహం ఉంది, బాబుకి నచ్చుతుంది.

స్తూపం రాళ్లు కదిలించిన వెంకటాద్రి నాయుడే మంగళగిరిలో లక్ష్మీనరసింహస్వామి గుడికి గాలిగోపురం ఎత్తించాడు, 1807 నుంచి 1809 మధ్య. 11 అంతస్తులు, 153 అడుగులు. ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో పెట్టాడనుకోవాలి. దీని గురించి స్థానికంగా చెప్పుకునే కథ ఒకటి నాకు భలే ఇష్టం. కట్టాక గోపురం ఒక పక్కకు ఒరిగిందట. కంచి నుంచి వచ్చిన స్థపతులు ఎదుటి వైపు కోనేరు తవ్వమన్నారట, తవ్వితే నిటారుగా వచ్చిందట. జరిగిందో లేదో రుజువు లేదు. కానీ కొట్టిపారేయలేను. ఇటలీలో పీసా గోపురాన్ని నిలబెట్టడానికి ఇరవయ్యో శతాబ్దం చివర్లో ఒరగని వైపు పునాది కింద నుంచి కొద్దికొద్దిగా మట్టి తీశారు, వంపు తగ్గింది. మెత్తటి నేల మీద బరువైన గోపురానికి ఎత్తుగా ఉన్న వైపు మట్టి సడలిస్తే అది దిగుతుంది. కథ కట్టినవాడికి ఈ సంగతి తెలిసే ఉండాలి.

గుంటూరు దాకా పోయే ఓపిక ఉంటే జిన్నా టవర్ చూడండి. 1940ల్లో కట్టింది, ఆరు స్తంభాలు, పైన గుమ్మటం. 2022లో మూడు రంగులు వేశారు. చుట్టూ ట్రాఫిక్, నిలబడే చోటుండదు, పది నిమిషాల పని.

ఇప్పుడు అసలు రాజధాని. 2015 అక్టోబరు 22, విజయదశమి రోజు ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని శంకుస్థాపన చేశారు. 33 వేల ఎకరాలకు పైగా భూమిని రైతులు భూసమీకరణ (ల్యాండ్ పూలింగ్) కింద ఇచ్చారు. నగర ప్రణాళిక సింగపూర్ సంస్థ సుర్బానా జురాంగ్ గీసింది. అసెంబ్లీ, హైకోర్టు నమూనాలకు మొదట జపాన్ ఆర్కిటెక్టు ఫుమిహికో మాకీ సంస్థను ఎంపిక చేశారు, తర్వాత మార్చి లండన్‌లోని ఫోస్టర్ సంస్థకు అప్పగించారు. మధ్యలో సినిమా దర్శకుడు రాజమౌళి సలహా కూడా అడిగారు. దాని మీద అప్పట్లో బెజవాడ టీ కొట్ల దగ్గర పేలని జోకు లేదు.

వెళ్తే మీకు కనపడేవి మూడు రకాలు. ఒకటి, తాత్కాలికం అని కట్టి ఏళ్ల తరబడి వాడుతున్నవి. వెలగపూడి సచివాలయం ఆరు బ్లాకులు 2016లో నెలల వ్యవధిలో లేపారు. 2017 మార్చి నుంచి శాసనసభ కూడా అక్కడే. నేలపాడు హైకోర్టు భవనం 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైంది, గోడలకు రాజస్థాన్ ఇసుకరాయి పలకలు తొడిగారు. రెండు, అధికారులకూ శాసనసభ్యులకూ కట్టిన పన్నెండేసి అంతస్తుల నివాసాలు. 2019లో ఆగిన పనులు మళ్లీ మొదలయ్యాక వాటికి ప్రాణం వచ్చింది. మూడు, ఇంకా లేస్తున్న పెద్ద కట్టడాలు. 2025 మే 2న పనులు తిరిగి ప్రారంభించారు.

నాకు వీటిలో అన్నిటికన్నా ఆసక్తి సచివాలయం టవర్ల మీద. అయిదు టవర్లకూ డయాగ్రిడ్ పద్ధతి. అంటే నిలువు స్తంభాల బదులు భవనం బయటి ముఖాన ఉక్కు దూలాలను ఏటవాలుగా, త్రిభుజాలు త్రిభుజాలుగా అల్లుతారు. గాలి తోపు, అంతస్తుల బరువు రెండూ ఆ అల్లికే మోస్తుంది. అందువల్ల లోపల స్తంభాలు చాలా తక్కువ. ఉండవల్లిలో బాబు లెక్కపెట్టిన అడుగులు ఇప్పుడు గుర్తు చేయండి. అక్కడ కొద్ది అడుగులకొక స్తంభం తప్పలేదు, ఇక్కడ హాలంతా ఖాళీగా వదిలే వీలుంది. రాయికి లేనిది ఉక్కుకు ఉన్నది ఒక్కటే, లాగితే తట్టుకునే గుణం. కట్టడాల చరిత్రంతా ఆ తేడాలోనే ఉందని చెబితే మా ఆర్కిటెక్టు స్నేహితులు ఒప్పుకోరు.

కింది సంగతి ఇంకా పెద్దది. తుళ్లూరు నేల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. అందుకని అంత ఎత్తు టవరుకు మట్టి తీసేసి మొత్తం కింద ఒకటే మందపాటి కాంక్రీటు దిమ్మె పోస్తారు, దాన్నే రాఫ్ట్ అంటాం. 2018 చివర్లో రాత్రీ పగలూ ఆపకుండా పోశారు. ఆపితే పాత పొరకూ కొత్త పొరకూ మధ్య అతుకు పడుతుంది. తర్వాత పనులు ఆగిపోయి ఆ గోతులన్నీ చెరువులయ్యాయి. అయిదేళ్లు నానాక పనికొస్తాయా అని అందరూ అడిగారు. 2024లో ఐఐటీ నిపుణులు వచ్చి చూశారు, నీళ్లు తోడి, పరీక్షలు చేసి పని కొనసాగించారు. కాంక్రీటుకు నీళ్లంటే భయం లేదు. భయమంతా గాలీ తేమా తగిలేలా బయట మిగిలిపోయిన ఇనుప కడ్డీలకు. నీళ్లలో మునిగిన కడ్డీ కన్నా నీటి అంచున తడిసి ఆరుతూ ఉన్న కడ్డీ తొందరగా తుప్పు పడుతుంది.

పైన కట్టబోయే వాటి రూపం మీద నా అభిప్రాయం అడిగితే: అమరావతిలో ఇప్పుడు దేన్ని కట్టినా స్తూపం గుర్తుకు రావాలన్న కోరిక బలంగా ఉంది. ఆకారం తెచ్చుకోవడం తేలిక, గీత గీస్తే సరిపోతుంది. ఫోస్టర్ వారి హైకోర్టు నమూనాలో నాకు నచ్చింది మెట్లు మెట్లుగా పైకి లేచే స్తూపం రూపం కాదు. ఆ పైకప్పు చూరు గోడలు దాటి బాగా ముందుకు రావడం. కింద నీడ పడుతుంది, గాలి ఆడుతుంది. అది మన వసారా తెలివి. అసెంబ్లీకి 250 మీటర్ల సూది మొన కప్పు వేస్తామంటున్నారు, పైన జనం ఎక్కి ఊరు చూసే చోటు కూడా ఉంటుందట. ఎక్కనిస్తే మంచిదే. రాయపూడి దగ్గర రాజధాని అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ ఆఫీసు ముఖాన మాత్రం అంత పెద్ద ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం ఎందుకో నాకు అంతుపట్టలేదు. బందరు రోడ్డు మీద పడమటి ముఖానికి నిలువునా అద్దాలు బిగించిన కాంప్లెక్సులు చూశాక, ఎండను లెక్క చేయని అలవాటు రాజధానికి పాకకుండా ఉంటే చాలనిపిస్తుంది.

నీళ్ల ప్రశ్న కూడా అక్కడే అడగాలి. రాజధాని పల్లపు నేల. కొండవీటి వాగు పొంగితే పొలాలు మునిగేవి. వరదలో కృష్ణ మట్టం వాగు కన్నా ఎత్తుకు వచ్చినప్పుడు నీళ్లు వాటంతటవి నదిలోకి పోవు. అందుకని ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కులు ఎత్తిపోసే పంపులు పెట్టారు, 2018 నుంచి ఉన్నాయి. చూడటానికి షెడ్డు, గొట్టాలు, అంతే. గుహల నుంచి వచ్చేటప్పుడు అయిదు నిమిషాలు ఆగి చూడండి. టవర్లన్నీ పొడిగా నిలబడాలంటే ఆ మోటార్లు తిరగాలి.

వెళ్లే సంగతులు: నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు తిరగండి, మేలో పిల్లాడితో కొండలెక్కొద్దు. సచివాలయం, హైకోర్టు లోపలికి పాసు లేకుండా పంపరు. గేట్ల దగ్గర ఫొటో తీయబోతే పోలీసులు అడుగుతారు, రోడ్డు మీద నుంచి చూసి కదలండి. పని జరుగుతున్న చోట టిప్పర్లు ఎక్కువ, సొంత బండి అయితే సాయంత్రం చీకటి పడేలోపు వెనక్కి వచ్చేయండి. గాంధీ కొండ మీద 1968లో జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించిన 52 అడుగుల స్తూపం, నక్షత్రశాల ఉన్నాయి, బాబుకి ఒక సాయంత్రం సరిపోతుంది. ఇక కొండపల్లి ఖిల్లా. పద్నాలుగో శతాబ్దపు రెడ్డిరాజుల కోట, ఎక్కడానికి రోడ్డుంది. దాని గోడల గురించి రాయాలంటే ఇంత జవాబూ మళ్లీ అవుతుంది, విడిగా అడగండి.